క్రీడాశైలి సెలూన్ కారు: చక్రం, టైరు, ఐచ్ఛికభాగాల ఎంపిక – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
నలుగురు కుటుంబసభ్యులు కూర్చోదగిన సాధారణ కారుకు పందెపు కారు లక్షణాలను జోడించగా ఏర్పడినది క్రీడాశైలి సెలూన్ కారు. దానిని కొనేవారి ముందు చక్రాలు, టైర్లు, ఇతర ఐచ్ఛికభాగాల పట్టిక ఒకటి ఉంటుంది. ఆ పట్టిక ఎలా పుట్టింది, అందులోని ఏ అంశం ఏ అవసరం కోసం వచ్చింది అనే విషయాలను ఈ వ్యాసం చారిత్రకదృష్టితో పరిశీలిస్తుంది. 1964 నాటి పాంటియాక్ జీటీఓ, 1963 నాటి లోటస్ కోర్టినా, 1980ల నాటి బీఎండబ్ల్యూ ఇ30 శ్రేణి ఇందుకు ప్రధాన ఆధారాలు. చక్రం, టైరు, బ్రేకు, సస్పెన్షన్ అనేవి విడివిడిగా ఎంచుకోదగిన అలంకారాలు కావనీ, పరస్పరాపేక్ష గల అంగాలనీ ప్రతిపాదించడం ఈ వ్యాసోద్దేశం.

కీలకపదాలు: సెలూన్ కారు, అల్లాయ్ చక్రం, రేడియల్ టైరు, హోమోలగేషన్, ఐచ్ఛికభాగాలు, మోటారు వాహనాల చట్టం.

1. ఉపోద్ఘాతం:

తెలుగువారికి ‘సెలూన్’ అనగానే క్షౌరశాల గుర్తుకు వస్తుంది. రైల్వే ఉద్యోగులకైతే ఉన్నతాధికారులు ప్రయాణించే ప్రత్యేకమైన పెట్టె గుర్తుకు రావచ్చు. ఈ రెండింటికీ మూలం విశాలమైన గది అనే అర్థం గల ఫ్రెంచి పదం ‘సలాన్’. బ్రిటిష్ ఇంగ్లీషులో ఇదే పదం పైకప్పు, నాలుగు సీట్లు, వెనుక సామానుపెట్టె గల కారుకు పేరైంది. అమెరికాలోనూ, నేడు మన దేశంలోనూ ఆ కారునే ‘సెడాన్’ అంటున్నాం. పదిహేడవ శతాబ్దపు ఇంగ్లండులో మనుషులు మోసే మూతగల కుర్చీకి ‘సెడాన్’ అని పేరు. మన పల్లకికి అది దగ్గరి బంధువు. గది, పల్లకి అనే రెండు భావనలూ కూర్చునేవారి సుఖానికి సంబంధించినవే. వాటి పక్కన ‘క్రీడాశైలి’ అనే విశేషణం చేరడంలోనే ఒక వైరుధ్యం ఉంది. ఈ వ్యాసం పరిశీలించే ఐచ్ఛికభాగాల చరిత్ర అంతా ఆ వైరుధ్యాన్ని పరిష్కరించే ప్రయత్నమే.

చక్రానికి సంబంధించిన పదజాలం తెలుగులో ప్రాచీనమైనది. ఎద్దుబండి చక్రానికి నాభి, ఆకులు, చుట్టూ ఇనుప పట్టా ఉంటాయి. పట్టాను ఎర్రగా కాల్చి కొయ్యచక్రానికి తొడిగి, నీళ్లతో చల్లార్చి బిగిస్తారు. ఇంగ్లీషులోని ‘టైర్’ అనే మాట కూడా మొదట ఇటువంటి ఇనుప తొడుగునే సూచించింది. వస్త్రధారణ అనే అర్థం గల ‘అటైర్’ నుంచి అది వచ్చిందని నిఘంటుకారులు చెబుతారు. చక్రానికి తొడుగు అవసరమా, అలంకారమా అన్న ప్రశ్న ఆ విధంగా పదవ్యుత్పత్తిలోనే ఇమిడి ఉంది.

2. చక్రం, టైరు – పరిణామక్రమం:

గాలితో నిండిన టైరుకు 1845లో స్కాట్లండుకు చెందిన రాబర్ట్ విలియం థామ్సన్ పేటెంటు పొందాడు. అప్పటికి దానికి తగిన వాహనం లేనందున అది ఆచరణలో నిలవలేదు. 1888లో బెల్‌ఫాస్టులోని పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ దానిని మళ్లీ కనుగొన్నాడు. అప్పటికి సైకిళ్లు వాడుకలో ఉండటం వల్ల గాలిటైరు నిలిచింది. 1895లో జరిగిన పారిస్–బోర్డో–పారిస్ పందెంలో మిషెలాన్ సోదరులు గాలిటైర్లు తొడిగిన కారును నడిపారు. దారి పొడవునా టైర్లు పంక్చరవుతూనే ఉన్నా, కారు బరువును గాలి మోయగలదని ఆ ప్రయాణం నిరూపించింది.

అల్లాయ్ చక్రం చరిత్రలో 1924 ముఖ్యమైన సంవత్సరం. ఆ ఏడాది లియోన్‌లో జరిగిన ఫ్రెంచి గ్రాండ్ ప్రీ పందెంలో బుగాటీ టైప్ 35 కారు మొదటిసారి కనిపించింది. దాని చక్రాలు పోతపోసిన అల్యూమినియంతో, ఎనిమిది చదునైన ఆకులతో తయారయ్యాయి. బ్రేకుడ్రమ్ము కూడా చక్రంలోనే కలిసి ఉండేది. బరువు తగ్గడం, బ్రేకు వేడి త్వరగా బయటికి పోవడం దీని ప్రయోజనాలు. నేడు అందం కోసం కొనే అల్లాయ్ చక్రం పుట్టుకలో అందం ప్రధానాంశం కాదని దీనివల్ల తెలుస్తుంది. అయితే ఆ పందెంలో బుగాటీ కార్లను దెబ్బతీసినవి టైర్లే. ట్రెడ్ ఊడిపోవడంతో అవి వెనుకబడ్డాయి. చక్రం ఎంత ఉత్తమమైనదైనా దానిమీది టైరు తగినది కాకపోతే ఫలితం శూన్యమన్న పాఠం అల్లాయ్ చక్రం తొలి ప్రదర్శనలోనే లభించింది.

మూడవ మలుపు రేడియల్ టైరు. పాత క్రాస్‌ప్లై టైరులో దారాలు ఒకదానిమీద ఒకటి ఏటవాలుగా అల్లుకొని ఉంటాయి. రేడియల్ టైరులో దారాలు ఒక అంచు నుంచి మరొక అంచుకు నిట్టనిలువుగా సాగుతాయి. ట్రెడ్ కింద వేరే పట్టీలు ఉంటాయి. అందువల్ల పక్కగోడ మెత్తగా వంగినా ట్రెడ్ మాత్రం రోడ్డుకు చదునుగా అంటి ఉంటుంది. మిషెలాన్ సంస్థ 1946లో దీనికి పేటెంటు పొంది, 1949లో ‘ఎక్స్’ పేరుతో విక్రయించింది. మలుపులో రెండు రకాల టైర్ల ప్రవర్తన భిన్నం కనుక, రేడియల్ వాడుకతోపాటు సస్పెన్షన్ రూపకల్పన కూడా మారవలసి వచ్చింది. టైరు మార్పు కారు మొత్తానికి సంబంధించిన మార్పు అని చెప్పడానికి ఇది స్పష్టమైన ఉదాహరణ.

3. ఐచ్ఛికభాగాల పట్టిక – రెండు మూలాలు:

క్రీడాశైలి కారు ఐచ్ఛికభాగాల పట్టికకు రెండు మూలాలు కనిపిస్తాయి. ఒకటి అమెరికన్ వాణిజ్యం, రెండవది ఐరోపా పందేల నియమావళి.

మొదటిదానికి ఉదాహరణ 1964 నాటి పాంటియాక్ జీటీఓ. అది మొదట ప్రత్యేకమైన నమూనా కాదు. టెంపెస్ట్ లెమాన్స్ కారుకు అదనపు సొమ్ము చెల్లించి తీసుకునే ఐచ్ఛికభాగాల సముదాయం. మధ్యస్థాయి కార్లలో 330 ఘనపు అంగుళాలకు మించిన ఇంజన్ ఉండరాదని మాతృసంస్థ జనరల్ మోటార్స్ నియమం పెట్టుకుంది. ఆ నియమం కొత్త నమూనాలకే గాని ఐచ్ఛికాలకు వర్తించదన్న వాదనతో పాంటియాక్ ఇంజనీర్లు 389 ఘనపు అంగుళాల ఇంజన్‌ను ఐచ్ఛికంగా చేర్చారు. వాణిజ్యపరంగా అది గొప్ప విజయం. కానీ ఆ కారుకు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే ఉండేవి. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు ఐచ్ఛికంగా లభించినది 1967 నమూనాలోనే. వేగాన్ని పెంచే భాగం వేగాన్ని ఆపే భాగం కంటే మూడేళ్లు ముందుగా పట్టికలోకి చేరింది. కొనేవారిని ఆకర్షించే క్రమం, కారుకు అవసరమైన క్రమం ఒకటి కావని దీనివల్ల గ్రహించవచ్చు.

రెండవ మూలం హోమోలగేషన్. అంటే ఒక కారు పందెంలో పాల్గొనాలంటే అదే రూపంలో నిర్ణీతసంఖ్యలో కార్లు తయారై, అమ్మకానికి ఉండాలన్న నియమం. 1963లో ఫోర్డ్, లోటస్ సంస్థలు కలిసి తెచ్చిన లోటస్ కోర్టినా ఈ నియమం సృష్టించిన కారు. రెండు తలుపుల సాధారణ కోర్టినా దేహంలో 1,558 సీసీ ట్విన్‌క్యామ్ ఇంజన్, వెడల్పైన ఉక్కు చక్రాలు, అల్యూమినియం బానెట్టు, తలుపుల పైతొడుగులు అమర్చారు. బరువు సమతూకం కోసం బ్యాటరీని వెనుక సామానుపెట్టెలోకి మార్చారు. 1964లో జిమ్ క్లార్క్ ఈ కారుతో బ్రిటిష్ సెలూన్ కార్ల చాంపియన్‌షిప్ గెలిచాడు.

ఈ కారు వెనుక ఇరుసుకు లోటస్ అమర్చిన కాయిల్ స్ప్రింగులు, ‘ఎ’ ఆకారపు చట్రం పందెం కోసం రూపొందినవి. నిత్యవినియోగంలో ఆ చట్రం డిఫరెన్షియల్ గూటిపై ఒత్తిడి కలిగించి నూనె కారడానికి దారితీసింది. 1965లో దాని స్థానంలో మళ్లీ సాధారణ ఆకుపట్టీ స్ప్రింగులను తెచ్చారు. పందెంలో గెలిచిన అమరిక నిత్యప్రయాణానికి తగినది కాకపోవచ్చునన్న అంశం ఇక్కడ ముఖ్యం.

4. ఒకే శ్రేణి, మూడు చక్రాలు – ఇ30 అధ్యయనం:

చక్రం, టైరు ఎంపికలోని అంతస్సూత్రాన్ని పరిశీలించడానికి బీఎండబ్ల్యూ 3 సిరీస్ రెండవ తరం అనువైన ఆధారం. 1982లో వచ్చిన ఈ తరాన్ని ఇ30 అని పిలుస్తారు. ఇందులో 325ఐ వేగవంతమైన కుటుంబకారు. 1985లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో చూపి 1986 నుంచి విక్రయించిన ఎం3 పందెం కోసం పుట్టిన కారు. గ్రూప్ ఎ నియమావళి ప్రకారం పన్నెండు నెలల్లో 5,000 కార్లు తయారుకావాలి. ఆ సంఖ్యను పూర్తిచేసిన ఎం3తో 1987లో రొబెర్తో రవాల్యా ప్రపంచ టూరింగ్ కార్ల చాంపియన్ అయ్యాడు.

ఈ శ్రేణిలోని మూడు టైరు పరిమాణాలను పోల్చి చూడవచ్చు. 325ఐకి 195/65 ఆర్ 14, తొలి ఎం3కి 205/55 ఆర్ 15, 1988 నాటి ఎవల్యూషన్ 2కు 225/45 ఆర్ 16. ఇందులో మొదటి సంఖ్య టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండవది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో చెబుతుంది. చివరిది రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. వీటిని బట్టి గణించగా పక్కగోడ ఎత్తు వరుసగా 126.75, 112.75, 101.25 మిల్లీమీటర్లు. రిమ్ము వ్యాసానికి రెండు పక్కగోడలను కలిపితే టైరు మొత్తం వ్యాసం వరుసగా 609.1, 606.5, 608.9 మిల్లీమీటర్లు.

రిమ్ము వ్యాసం 14 నుంచి 16 అంగుళాలకు, అంటే 50.8 మిల్లీమీటర్లు పెరిగింది. కానీ మొత్తం వ్యాసంలో తేడా మూడు మిల్లీమీటర్లు కూడా లేదు. చక్రం పెద్దది కావడమంటే టైరు పెద్దది కావడం కాదనీ, పక్కగోడ తగ్గడమేననీ ఈ లెక్క తేటపరుస్తోంది. మొత్తం వ్యాసం స్థిరంగా ఉన్నందువల్ల గేర్ల నిష్పత్తి, స్పీడోమీటరు కొలత చెదరవు. ఇందుకు విరుద్ధంగా 225/45 ఆర్ 16 ఉండవలసిన చోట 225/55 ఆర్ 16 తొడిగితే వ్యాసం 653.9 మిల్లీమీటర్లు అవుతుంది. అప్పుడు స్పీడోమీటరు ముల్లు 100 కిలోమీటర్లను చూపుతున్న చోట కారు గంటకు సుమారు 107 కిలోమీటర్ల వేగంతో పోతుంది.

పక్కగోడ పొట్టిదైతే మలుపులో టైరు తక్కువగా వంగుతుంది, స్టీరింగుకు కారు వెంటనే స్పందిస్తుంది. రిమ్ములోపల పెద్ద బ్రేకు డిస్కుకు చోటు దొరుకుతుంది. పందెపు ఇంజనీరుకు కావలసినవి ఇవే. కానీ గుంతలో పడినపుడు దెబ్బను భరించే గాలిమెత్త పలచబడుతుంది. చక్రం, టైరు, బ్రేకు స్ప్రింగులకు కిందివైపున ఉండే బరువు. ఆ బరువు ఎంత పెరిగితే ఎగుడుదిగుడు దారిలో చక్రాన్ని రోడ్డుకు అంటిపెట్టి ఉంచడం స్ప్రింగులకూ డ్యాంపర్లకూ అంత కష్టం. అందువల్ల పెద్దదే గాక బరువైన చక్రాన్ని ఎంచుకున్నవారు క్రీడాలక్షణాన్ని పెంచుకున్నామనుకుంటూ తగ్గించుకునే అవకాశం ఉంది.

మరొక విషయం. 325ఐ చక్రాన్ని నాలుగు బోల్టులు పట్టి ఉంచుతాయి, వాటి వృత్తం వ్యాసం 100 మిల్లీమీటర్లు. ఎం3కి ఐదు బోల్టులు, 120 మిల్లీమీటర్ల వృత్తం. పై శ్రేణిలోని 5 సిరీస్ కారు హబ్బు అమరికను ఎం3కి తెచ్చారు. పైకి ఒకే కుటుంబానికి చెందిన ఈ రెండు కార్ల చక్రాలు పరస్పరం అమరవు. ఎం3 చక్రం ఒక విడిభాగం కాదు. పెద్ద హబ్బు, పెద్ద బ్రేకు, వెడల్పు చేసిన చక్రపుగూళ్లు కలిసిన వ్యవస్థలో అది చివరి అంగం.

వాక్యార్థబోధకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అవసరమని మన శాస్త్రకారులు చెప్పారు. ఈ పరిశీలనలో ఆ భావన ఉపకరిస్తుంది. చక్రానికి టైరు మీద, టైరుకు బ్రేకు మీద, ఈ మూడింటికీ సస్పెన్షన్ మీద ఆకాంక్ష ఉంది. యోగ్యత లేని పదాలు పక్కపక్కన చేరినా వాక్యం కానట్లే, పొసగని భాగాలు ఒకే కారులో చేరినా అది క్రీడాశైలి కారు కాదు.

5. నిలవని ఐచ్ఛికం – టీఆర్ఎక్స్:

అదే ఇ30కి బీఎండబ్ల్యూ సంస్థ మరొక ఐచ్ఛికాన్ని కూడా ఇచ్చింది. మిషెలాన్ 1970లలో రూపొందించిన టీఆర్ఎక్స్ చక్రం, టైరు. దీని కొలత 200/60 ఆర్ 365. ఇందులో రిమ్ము వ్యాసం అంగుళాల్లో కాక మిల్లీమీటర్లలో ఉంది. రిమ్ము అంచు ఆకారం కూడా వేరు. పక్కగోడ వంపును మెరుగుపరచి సుఖాన్నీ పట్టునూ సమన్వయించాలన్నది దాని ఆశయం. సాంకేతికంగా అది లోపభూయిష్టం కాదు. కానీ దాని రిమ్ముకు సాధారణ టైరు అమరదు. సాధారణ టైర్ల పక్కగోడ క్రమంగా మెరుగుపడటంతో టీఆర్ఎక్స్‌కు గిరాకీ తగ్గింది. ఆ కారును తరువాత కొన్నవారు అరుదైన టైరు కోసం ఎక్కువ ధర చెల్లించడమో, నాలుగు చక్రాలనూ మార్చుకోవడమో చేయవలసి వచ్చింది. టైరు అరిగిపోయేది, చక్రం నిలిచేది. నిలిచేదానిని ఎంచుకునేటప్పుడు అరిగిపోయేది పదేళ్ల తరువాత కూడా దొరుకుతుందా అని విచారించాలన్న నీతి ఇందులో ఉంది.

6. టైరు పక్కగోడ మీది లిపి:

టైరు పక్కగోడ ఒక శాసనఫలకం వంటిది. పరిమాణం తరువాత ‘91 వి’ వంటి సంకేతం ఉంటుంది. 91 అనే భారసూచిక ఆ టైరు 615 కిలోల బరువు మోయగలదని చెబుతుంది. అక్షరం గరిష్ఠవేగాన్ని చెబుతుంది. హెచ్ అంటే గంటకు 210, వి అంటే 240, డబ్ల్యూ అంటే 270 కిలోమీటర్లు. 2000 సంవత్సరం నుంచి తయారీతేదీని నాలుగు అంకెల్లో ముద్రిస్తున్నారు. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైనదని అర్థం. వెడల్పును మాత్రమే చూసి, భారసూచిక తక్కువగా ఉన్న టైరును కొంటే బయటికి ఏ లోపమూ కనిపించదు. నలుగురు మనుషులు, సామాను, వేసవి ఎండ, రహదారివేగం కలిసినపుడే అది బయటపడుతుంది.

7. భారతీయ సందర్భం:

ఐరోపాలో కొనుగోలుదారు ఒక్కొక్క ఐచ్ఛికాన్ని విడిగా ఎంచుకునే సంప్రదాయం బలమైనది. ఇ30 325ఐకి ఏబీఎస్ బ్రేకులు, పరిమితజారుడు డిఫరెన్షియల్ వంటివి అలా లభించాయి. మన దేశంలో ఎక్కువ కార్లను ‘వేరియంట్ల’ రూపంలో కట్టగట్టి విక్రయిస్తారు. పెద్ద అల్లాయ్ చక్రాలు, మెరుగైన భద్రతాభాగాలు, తోలు సీట్లు ఒకే మూటలో రావచ్చు. అందువల్ల విడిగా ఎంచుకోవాలనుకునేవారు బయటి దుకాణాలను ఆశ్రయిస్తున్నారు.

ఇక్కడ చట్టం ప్రమేయం ఉంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళకు సంబంధించిన ఒక వ్యాజ్యంలో ఈ నియమాన్నే దృఢపరిచింది. జర్మనీలో తయారీదారు జాబితాలో లేని చక్రాన్ని వాడదలచినవారికి సాంకేతిక తనిఖీ, ఆమోదం, పత్రాల్లో నమోదు అనే మార్గం స్థిరపడి ఉంది. మన దేశంలో అటువంటి సులభమైన మార్గం వాడుకలో లేదు. కనుక తయారీదారు కరదీపికలోనూ, డ్రైవరు తలుపు పక్కనున్న పట్టికలోనూ పేర్కొన్న పరిమాణాల పరిధిలోనే ఎంపిక ఉండటం సముచితం.

తెలుగునేల టైర్లకు కొత్తది కాదు. సదాశివపేటలో ఎంఆర్ఎఫ్, తిరుపతి జిల్లా చినపాండూరులో అపోలో సంస్థల కర్మాగారాలున్నాయి. అయినా టైరు గురించిన జ్ఞానం తెలుగులో లిఖితరూపంలో స్వల్పం. దుకాణంలో విన్న మాటే ప్రమాణంగా చెల్లుబాటవుతోంది. ‘రెండు అంగుళాలు పెంచితే కారు ఠీవిగా ఉంటుంది’ అన్న వాక్యంలో పక్కగోడ, భారసూచిక, బోల్టు వృత్తం ప్రస్తావనకు రావు. వాటి మూల్యాన్ని చెల్లించేది మాత్రం ఆ కారులో కూర్చునే కుటుంబం.

8. ముగింపు:

పై పరిశీలనవల్ల తేలిన అంశాలు ఇవి.

• అల్లాయ్ చక్రం, వెడల్పు టైరు, పొట్టి పక్కగోడ అనేవి పందెపు అవసరాలనుంచి పుట్టి, తరువాత అలంకారాలుగా పరిణమించాయి.

• ఐచ్ఛికభాగాల పట్టిక విక్రయక్రమాన్ని అనుసరిస్తుంది. కారు అవసరాల క్రమం వేరు. పాంటియాక్ జీటీఓ ఇందుకు నిదర్శనం.

• పరిమితమైన సొమ్ము ఉన్నపుడు మొదటి స్థానం మంచి టైరుకు, తరువాత బ్రేకులకు, ఆపైన డ్యాంపర్లకు ఇవ్వడం యుక్తం. కారుకూ రోడ్డుకూ మధ్య ఉండేది నాలుగు టైర్లే కనుక మిగిలిన భాగాల ప్రతిభ అంతా వాటిద్వారానే వ్యక్తం కావాలి.

• చక్రాన్ని పెంచదలిస్తే మొత్తం వ్యాసం, భారసూచిక, వేగసూచిక, బోల్టు వృత్తం, చక్రం బరువు అనే ఐదింటినీ కలిపి చూడాలి. అందులో ఏ ఒక్కటి పొసగకపోయినా ఆ ఎంపికను విడిచిపెట్టాలి.

• మన రోడ్ల స్థితినీ చట్టాన్నీ దృష్టిలో ఉంచుకుంటే, తయారీదారు అనుమతించిన పరిమాణాలలో మధ్యస్థమైనది, సులభంగా దొరికేది చాలామందికి ఉత్తమమైన ఎంపిక.

ఎవల్యూషన్ 2కు 16 అంగుళాల చక్రాలు అమర్చిన ఇంజనీర్లు కూడా మొత్తం వ్యాసాన్ని దాదాపు మార్చలేదు. చక్రం ఎంత పెద్దదన్నది వారి ప్రశ్న కాదు, మిగిలిన కారుతో అది ఎంతవరకు పొసగుతుందన్నదే వారి ప్రశ్న. కొనుగోలుదారు అడగవలసిన ప్రశ్న కూడా అదే.